సూర్యలంకలో చచ్చిన తాబేళ్ళు కనబడ్డాయి. ఎవరికి చెప్పాలి, ఏం రాసుకోవాలి?

మిర్చియార్డు గుమస్తా:
నమస్తే అండి. మాది గుంటూరు. యార్డులో ఒక కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి రెండు వారాలకొకసారి పొద్దున్నే రైలెక్కి బాపట్లలో దిగి, ఆటోలో సూర్యలంక వెళ్తుంటాను. వారమంతా ముక్కులో కూర్చున్న మిరప ఘాటు పోవాలంటే నాకు సముద్రపు గాలి తప్ప వేరే మందు లేదు.

మొన్న ఆదివారం జనం స్నానాలు చేసే చోటు వదిలేసి, సరుగుడు తోట వెంబడి ఓ రెండు కిలోమీటర్లు నడిచాను. అక్కడ కెరటాలు తోసిన చెత్త గీత మీద తాబేలు. మన చెరువుల్లో ఉండేది కాదు, పెద్దది. డిప్పే రెండడుగులు ఉంటుంది, బూడిద రంగులో కాస్త పచ్చ ఛాయ. కళ్ళు లేవు, కాకులు తినేసినట్టున్నాయి. మెడ బాగా ఉబ్బి ఉంది. తెడ్డులాంటి ముందు కాలికి నీలం నైలాన్ తాడు ముక్క రెండు చుట్లు చుట్టుకుని ఉంది. మరో అర కిలోమీటరు పోయాక ఇంకొకటి, ఎండిపోయి అట్టపెట్టెలా ఉంది. టీ కొట్టాయన్ని అడిగితే, "సంక్రాంతి దాటితే మామూలేనమ్మా, ఏటా వస్తాయి" అన్నాడు.

తిరిగి వస్తుంటే తడి ఇసుక మీద తెల్లటి చిన్న పిట్టలు. కెరటం వెనక్కి పోతే దాని వెంట పరుగు, మళ్ళీ వస్తుంటే ఒడ్డుకి పరుగు. కాళ్ళు కనబడనంత వేగం. ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వాటి మధ్యలోకి దూసుకెళ్ళి, అవి లేస్తుంటే వీడియో తీసుకుంటున్నారు. అరగంటలో ఆరుసార్లు లేపారు. (లెక్కపెట్టాను. అలవాటు.) నిజం చెప్పొద్దూ, పోయినేడాది మా చెల్లెలి కూతుర్ని నవ్వించడానికి చేతులూపుకుంటూ వాటి మీదికి నేనూ పరిగెత్తాను. అందుకే వాళ్ళని ఏమీ అనలేకపోయాను.

ఇప్పుడు నా అనుమానాలు. చచ్చిన తాబేలు కనబడితే ఎవరికైనా చెప్పాలా? నాలాగా రెండు వారాలకొకసారి వచ్చే మనిషి రాసుకున్నదానికి విలువ ఉంటుందా? ఉంటే ఏం రాయాలి? పిట్టల పేర్లు నాకు కాకి, కొంగ దాటి తెలియవు.

కృష్ణలంక పిట్టలోడు:
అక్కా, మీరు చెప్పిన పరుగు పిట్టలు సాండర్‌లింగులు. మనవాళ్ళు ఇలాంటివాటన్నిటినీ కలిపి ఉల్లంకులనేస్తారు. ఇవి గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ మంచు నేలల్లో. మన ఒడ్డుకి చలికాలానికి వచ్చి, ఎండలు ముదిరేలోపు ఒళ్ళు చేసి తిరుగు ప్రయాణం కట్టాలి. ఆ కొవ్వే వాటికి పెట్రోలు. బైకు వచ్చి లేపినప్పుడల్లా రెండు నష్టాలు: ఎగరడానికి ఉన్నది ఖర్చు, తినే టైము పోవడం. పాటు సమయంలో తడి ఇసుక బయటపడ్డప్పుడే వాటికి తిండి. మన ఆదివారాల్లో గంట సేపు అవి ఊరికే లేస్తూ కూర్చుంటే ఆ పూట తిండిలో అంత మేర గోవిందా.

లెక్క సంగతి. నేను నేర్చుకున్నది బ్యారేజీ కింద కృష్ణ ఇసుక తిన్నెల మీద. అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో కంటి చుట్టూ పసుప్పచ్చ వలయం ఉండే చిన్న పిట్ట ఒకటి (లిటిల్ రింగ్డ్ ప్లోవర్) ఉత్త ఇసుకలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డుకీ గులకరాయికీ తేడా తెలియదు. మొదటిసారి నా చెప్పుకి బెత్తెడు దూరంలో ఉంటే కూడా కనబడలేదు. తల్లి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నన్ను పక్కకి లాక్కుపోయాక అర్థమైంది. ఇసుక ట్రాక్టరు తోలేవాడికి ఆ నాటకం చూసే తీరిక ఎక్కడిది.

సరే, మీ విషయానికొస్తే, మీరు రెండు వారాలకొకసారి వెళ్ళడం కలిసొచ్చే అంశం. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రెండు వారాలయ్యేసరికి సుమారు ముప్పావుగంట తేడాతో మళ్ళీ అదే వేళకి వస్తుంది. అంటే మీరు ఎప్పుడూ ఒకే రైలుకి వెళ్తే, తెలియకుండానే నీళ్ళు దాదాపు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు చూస్తున్నారు. ఒక లెక్కని ఇంకో లెక్కతో పోల్చాలంటే కావలసింది అదే. ఒక సరుగుడు చెట్టు నుంచి ఇంకో గుర్తు దాకా హద్దు పెట్టుకుని, ఎప్పుడూ ఆ ముక్కే నడవండి. మొదలెట్టిన టైము, ముగించిన టైము రాయండి. పిట్టలు లేకపోతే సున్నా అని రాయండి. చాలామంది ఇక్కడే తప్పుతారు, ఏమీ కనబడని రోజు పేజీ ఖాళీగా వదిలేస్తారు.

పేరు తెలియకపోతే "చిన్న తెల్లవి, నల్ల ముక్కు" అన్నా చాలు, ఫోటో ఉంటే ఎవరో ఒకరు చెప్తారు. పెద్ద గుంపయితే పది పిట్టలు ఎంత మేర ఉన్నాయో కంటితో కొలుచుకుని, ఆ కొలతతో మిగతా గుంపుని దాటుకుంటూ పోవాలి. దూరం నుంచి వరస చూసి బస్తాలెన్నో చెప్పే మీకు ఇది నేర్పక్కర్లేదు. తర్వాత ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు ఎక్కించే వెబ్‌సైటు) ఎక్కించండి. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ (ఆసియా నీటిపక్షుల లెక్కింపు) ఉంటుంది, 1987 నుంచి జరుగుతోంది, అందులోకీ మీ లెక్క వెళ్తుంది. ఏ పిట్ట కాలికైనా రంగు పట్టీ కనబడితే ఏ కాలు, ఏ రంగు, ఏ అక్షరాలు అన్నది మాత్రం వదలొద్దు.

బ్రాడీపేట 4వ లైను:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ పుస్తకంలో రాస్తే తాబేలు బతుకుతుందా అమ్మా? 2025 జనవరిలో చెన్నై ఒడ్డుకి వందల్లో కొట్టుకొచ్చాయి, పేపర్లన్నీ రాశాయి. ఏమైంది? ముందు వల ఈడ్చే ట్రాలర్ బోట్లని ఆపమనండి. మిగతాదంతా కాలక్షేపం.

నిజాంపట్నం బోటు:
బ్రాడీపేట అన్నా, మా నాన్న ముప్పై ఏళ్ళు బోటు మీద పనిచేశాడు కాబట్టి నేనూ ఒక మాట చెప్తా. తాబేలు చేప కాదు, గాలి పీల్చుకోడానికి పైకి రావాలి. ట్రాల్ వల గంటల తరబడి లాగుతారు. అందులో పడితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలలో తాబేలు పడాలని ఎవడూ కోరుకోడు, వల చిరిగితే ఆ నష్టం మాదే. తాబేలు బయటికి పోయేలా వలలో ఇనుప చట్రం, పైన ఒక దారి పెట్టే పద్ధతి ఉంది, టెడ్ అంటారు. అది పెడితే రొయ్య కూడా జారిపోతుందని బోటు వాళ్ళ గొణుగుడు. ఆ చట్రాలు సరిగా వాడటం లేదనే 2019లో మన సముద్రపు రొయ్యని అమెరికా కొనడం మానేసింది. చెరువు రొయ్యకి ఆ బెడద లేదు కాబట్టి ఊళ్ళో ఎవరికీ నొప్పి తెలియలేదు.

ఇంకొకటి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది చేపల గుడ్ల కోసం పెట్టింది. తాబేళ్ళు మన ఒడ్డుకి గుడ్లకి వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. వాటి సీజన్ అయిపోయాక మా బోట్లు ఆగుతాయి. లెక్క కాలక్షేపం అంటున్నావు గానీ, ఏ వారంలో ఏ ఒడ్డుకి ఎన్ని వచ్చాయో రాసి ఉంటేనే ఫలానా పదిహేను రోజులు ఫలానా చోట ఆగమని మమ్మల్ని అడగగలరు. ఉత్తినే ఆపమంటే మేం తిండి ఎక్కడ తినాలి?

అక్కా, మీరు చూసింది ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు అయ్యుంటుంది. మెడ ఉబ్బింది కాబట్టి వలలోనే చచ్చిందని మాత్రం రాయకండి. ఎండలో పడి ఉంటే ఏదైనా ఉబ్బుతుంది, కోసి చూస్తేనే తెలిసేది. తాడు కూడా చచ్చాక తగులుకుని ఉండొచ్చు. చూసింది చూసినట్టు రాయండి. పైనుంచి ఒక ఫోటో, పక్కన మీ చెప్పు పెట్టి కొలత తెలిసేలా ఇంకోటి, ఫోన్లో లొకేషన్. తోక డిప్ప దాటి పొడుగ్గా ఉంటే మగది, పొట్టిగా ఉంటే ఆడది అనుకోవచ్చు. ముట్టుకోవద్దు. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు అది, డిప్ప ఇంటికి తెచ్చుకున్నా కేసే. అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి. చూసి వెళ్ళినదానికి వాళ్ళ చేత రంగు గుర్తు పెట్టించండి, లేకపోతే అదే తాబేలుని తర్వాతి వారం మళ్ళీ లెక్కేస్తారు.

తెల్లారగట్ల వెళ్తే ఇసుకలో నీళ్ళ నుంచి పైకి పాకిన జాడ కనబడొచ్చు, చిన్న ట్రాక్టరు పోయినట్టు. ఒకటి ఎక్కింది, ఒకటి దిగింది. మధ్యలో ఇసుక కెలికిన చోట గూడు. కర్రతో పొడవకండి, జానెడున్నర లోతులో నూరుకి అటూ ఇటూగా గుడ్లుంటాయి. కుక్కలు, నక్కలు తవ్వకముందే చెప్తే అటవీ శాఖ వాళ్ళు తీసి కంచె లోపల పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు.

బ్రాడీపేట 4వ లైను:
నిషేధం తేదీల సంగతి నాకు తట్టలేదు తమ్ముడూ. ఒప్పుకున్నా.

మిర్చియార్డు గుమస్తా:
అందరికీ థాంక్స్ అండి. నిన్న వెళ్ళొచ్చాను. రెండు వారాలు ఆగలేకపోయాను. కొట్టులో మిగిలిపోయిన పాత చిట్టా పుస్తకం తీసి, "బస్తాలు" అన్న గడి కొట్టేసి "పిట్టలు" అని, "తరుగు" అన్న గడి కొట్టేసి "లేపినవి" అని రాసుకున్నాను. వంకర చెట్టు నుంచి పాత పడవ దాకా నా హద్దు. పిట్టలు డెబ్బై ఎనిమిది. ఒకసారి కుక్క, రెండుసార్లు బైకు, ఒకసారి నేను (తుమ్మాను). కొత్త తాబేలు లేదు, సున్నా వేశాను. పాతది అక్కడే ఉంది. అటవీ శాఖకి ఫోన్ చేస్తే మొదట ఇంకొకరికి చేయమన్నారు, వాళ్ళు మరొకరికి. మూడో ఆయన ఫోటోలు పంపమన్నారు. సాయంత్రానికి మనిషి వచ్చి రంగు పూసి ఆ ఫోటో నాకు తిరిగి పంపాడు.

బైకు కుర్రాళ్ళు మళ్ళీ కనబడ్డారు. తిట్టలేదు. పుస్తకం చూపించి, "మీ పద్దు ఇక్కడ ఎక్కింది, నాన్నా" అన్నాను. ఒకడు నవ్వి, ఆ పిట్టలు ఎక్కడివని అడిగాడు. ఆర్కిటిక్ అంటే నమ్మలేదు, ఫోన్లో వెతుక్కుంటూ బైకు తోసుకుంటూ వెళ్ళాడు.

ఒక్కటే ఇబ్బంది. ఫిబ్రవరి రెండో వారం నుంచి కొత్త సరుకు పడుతుంది, శనివారం కూడా కొట్టుకి రమ్మంటారు. ఆదివారం ఒక్కటే మిగులుతుంది. పిట్టలోడు గారూ, ఆ రోజుల్లో పోటు ఎన్నింటికో చూసి పెడతారా? పోటు టైములు చూపే యాప్ నాకు తెరుచుకోవట్లేదు.