క్యామండాలో ఒకే దరఖాస్తుకు రెండు రుణ ఖాతాలు: మా జావా కోడ్ రెండుసార్లు ఎందుకు నడుస్తోంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక సహకార బ్యాంకు కోసం బంగారు తాకట్టు రుణాల ప్రక్రియను క్యామండా 7 (గీసిన పటం ప్రకారం పనులను వరసగా నడిపించే సాఫ్ట్‌వేర్) మీద నిర్మించాం. ఇంజన్ మా స్ప్రింగ్ బూట్ అప్లికేషన్ లోపలే నడుస్తుంది. మేనేజర్ ఆమోదం ఒక యూజర్ టాస్క్, అంటే మనిషి చేసే పని. దాని వెనకే కోడ్ తానే చేసే మూడు సర్వీస్ టాస్కులు: కోర్ బ్యాంకింగ్‌లో (బ్యాంకు ఖాతాలన్నీ ఉండే వ్యవస్థ) రుణ ఖాతా తెరవడం, ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ పంపడం, తాకట్టు పత్రాన్ని పీడీఎఫ్‌గా తయారుచేసి భద్రపరచడం. మూడింటికీ జావాడెలిగేట్ క్లాసులు (ఆయా పనులకు ఇంజన్ పిలిచే జావా కోడ్) మేమే రాశాం.

పీడీఎఫ్‌లు దాచే సర్వర్ అందనప్పుడు మేనేజర్ తెరపై ఎర్రర్ వస్తోంది, దరఖాస్తు తిరిగి ఆయన పనుల జాబితాలో కనిపిస్తోంది. ఆయన మళ్ళీ ఆమోదం నొక్కితే రెండో రుణ ఖాతా తెరుచుకుంటోంది. క్యామండా చరిత్ర పట్టికల్లో మొదటి ప్రయత్నం ఆనవాలే లేదు. కోర్ బ్యాంకింగ్ లాగ్‌లో మాత్రం రెండు పిలుపులూ ఉన్నాయి. ఒకే గొలుసు మీద రెండు అప్పులున్నాయని ఫోనుకు సందేశం వస్తే ఆ మనిషి ఎంత కంగారు పడతారో ఆలోచించండి.

పీడీఎఫ్ కోడ్‌ను ట్రై-క్యాచ్‌లో పెట్టి ఎక్సెప్షన్‌ను (కోడ్ విసిరే లోపాన్ని) మింగేద్దామని మా బృందంలో ఒకరు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పత్రం తయారు కాలేదన్న సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. సరైన దారి ఏమిటి?

జవాబు 1

చరిత్ర పట్టికల్లో ఆనవాలు లేదన్నారు చూడండి, కారణం అక్కడే ఉంది. ఆమోదం నొక్కగానే ఇంజన్ ఒక డేటాబేస్ ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఖాయమయ్యే, లేదా అన్నీ కలిసి రద్దయ్యే మార్పుల గుంపు) మొదలుపెట్టి, అదే థ్రెడ్‌లో మీ మూడు డెలిగేట్లనూ వరసగా నడిపిస్తుంది. ఆగి వేచి ఉండాల్సిన చోటు వచ్చేదాకా డేటాబేస్‌లో ఏదీ ఖాయం కాదు. యూజర్ టాస్క్, టైమర్, సందేశం కోసం ఎదురుచూసే ఈవెంట్ లాంటివి ఆగే చోట్లు. ఆమోదం తర్వాత మీ ప్రక్రియలో అలాంటిది ఒక్కటీ లేదు. కాబట్టి మూడో డెలిగేట్ ఎక్సెప్షన్ విసిరితే ఆమోదం, మేనేజర్ నింపిన విలువలు, వేరియబుల్‌లో పెట్టిన ఖాతా నంబరు, చరిత్ర అన్నీ రోల్‌బ్యాక్ అవుతాయి, అంటే రద్దవుతాయి. కోర్ బ్యాంకింగ్‌కు నెట్‌వర్క్ మీదుగా వెళ్ళిన రెస్ట్ ఏపీఐ పిలుపును మాత్రం ఏ రోల్‌బ్యాకూ వెనక్కి తేలేదు.

మూడు సర్వీస్ టాస్కులకూ ఎసింక్ బిఫోర్ (టాస్కు మొదలుకాకముందే అప్పటిదాకా జరిగింది ఖాయం చేసే సెట్టింగ్) పెట్టండి. అప్పుడు ఆమోదం నొక్కిన వెంటనే అది డేటాబేస్‌లో ఖాయమవుతుంది. తర్వాతి పనులను ఇంజన్‌లోని జాబ్ ఎగ్జిక్యూటర్ అనే భాగం వెనక నుంచి తీసుకుని, ఒక్కోదాన్ని విడి ట్రాన్సాక్షన్‌లో నడుపుతుంది. పీడీఎఫ్ విఫలమైతే పీడీఎఫ్ పని ఒక్కటే మళ్ళీ జరుగుతుంది. ఏమీ మార్చకపోతే మొత్తం మూడు ప్రయత్నాలు చేసి, ఆ పైన ఇన్సిడెంట్‌గా (మనిషి చూసి సరిచేయాల్సిన లోపంగా) నమోదు చేస్తుంది. ఆ ప్రయత్నాలు వెంటవెంటనే జరిగిపోతాయి కాబట్టి పడిపోయిన సర్వర్ లేచేలోపే అన్నీ ఖర్చవుతాయి. పీడీఎఫ్ టాస్కుకు ఆర్3/పీటీ10ఎం అని రీట్రై సైకిల్ ఇవ్వండి, పది నిమిషాల ఎడంతో ప్రయత్నిస్తుంది.

ఇంతటితో పని పూర్తయిందనుకుని ఆపేయకండి, ఇది నా గట్టి విన్నపం. ఖాతా తెరిచాక, ఆ ట్రాన్సాక్షన్ ఖాయమయ్యేలోపు మీ సర్వర్ ఆగిపోతే ఆ పిలుపు మళ్ళీ వెళ్తుంది. ఎసింక్ ఆ సందును చిన్నది చేస్తుందే తప్ప పూర్తిగా మూయలేదు. దరఖాస్తు నంబరును బిజినెస్ కీగా (ప్రక్రియను గుర్తుపట్టే నంబరుగా) పెట్టుకుని ప్రతి పిలుపులోనూ పంపండి. అదే నంబరు రెండోసారి వస్తే కోర్ బ్యాంకింగ్ కొత్త ఖాతా తెరవకుండా పాత ఖాతా నంబరే తిరిగి ఇవ్వాలి. వాళ్ళు కుదరదంటే, తెరిచే ముందు ఆ నంబరుతో ఖాతా ఉందేమో అడిగి చూసే పిలుపైనా ఇవ్వమనండి. డబ్బు కదిలే చోట ఈ ఏర్పాటు లేకుండా నేనైతే ఏ డెలిగేట్‌నూ ఒప్పుకోను.

ఎక్సెప్షన్‌ను మింగే ఆలోచన వదిలేయండి. మీ అభ్యంతరం న్యాయమైనదే.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టంగా చెప్పారండీ, ధన్యవాదాలు. పరీక్ష సర్వర్లో పెట్టి పీడీఎఫ్ సర్వర్‌ను కావాలనే ఆపి చూశాను. ఖాతా ఒక్కటే తెరుచుకుంది. అయితే ఒక చిక్కు వచ్చింది. మునుపు తప్పు జరిగితే మేనేజర్‌కు తెరమీదే కనిపించేది. ఇప్పుడు ఆమోదం నొక్కగానే అంతా సవ్యంగా ముగిసినట్టు చూపిస్తోంది, ఖాతా తెరుచుకోకపోయినా సరే. కేవైసీ గడువు ముగిసిందని కోర్ బ్యాంకింగ్ తిరస్కరించినా మూడుసార్లు ప్రయత్నించి ఇన్సిడెంట్‌లో పడేస్తోంది.

జవాబు 2

కేవైసీ గడువు ముగియడం సాంకేతిక లోపం కాదు, బ్యాంకు వ్యవహారం. ఎన్నిసార్లు ప్రయత్నించినా జవాబు మారదు. అలాంటి తిరస్కరణకు మామూలు ఎక్సెప్షన్ బదులు బీపీఎంఎన్ ఎర్రర్ (ప్రక్రియ పటంలోనే పట్టుకుని వేరే దారికి మళ్ళించగల ఎర్రర్) విసరండి. సర్వీస్ టాస్క్ అంచున దాన్ని పట్టుకునే ఎర్రర్ బౌండరీ ఈవెంట్ పెట్టి, అక్కడి నుంచి 'కేవైసీ సరిచేయండి' అనే యూజర్ టాస్కుకు దారి గీయండి. మేనేజర్‌కు ఏం చేయాలో కూడా తెలుస్తుంది. టైమ్‌అవుట్, కనెక్షన్ తెగడం వంటివి మాత్రం మామూలు ఎక్సెప్షన్‌గానే ఉండనివ్వండి.

ఒక హెచ్చరిక. విసిరిన ఎర్రర్ కోడ్‌ను పట్టుకునే ఈవెంట్ ఏదీ లేకపోతే, సెట్టింగ్ మార్చనంతవరకు ఇంజన్ లాగ్‌లో ఒక వాక్యం రాసి ఆ దారిని అక్కడితో ముగించేస్తుంది. ఇన్సిడెంట్ కూడా రాదు. ఎర్రర్ కోడ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా దరఖాస్తు నిశ్శబ్దంగా మాయమవుతుంది. దీనికి తప్పకుండా ఒక టెస్ట్ రాయండి.

తెర సంగతికొస్తే, ఆమోదం నొక్కాక 'ఖాతా తెరుస్తున్నాం' అని చూపి, ఖాతా నంబరు వేరియబుల్ వచ్చిందా, ఇన్సిడెంట్ వచ్చిందా అని కొన్ని సెకన్లకోసారి అడిగితే చాలు.

జవాబు 3

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే ఇంకొకటి. పీడీఎఫ్ పనిని ఇంజన్ లోపల ఉంచడం నాకు నచ్చదు. జాబ్ ఎగ్జిక్యూటర్ ఒక జాబ్‌ను (తాను నడపాల్సిన పనిని) ఇంకెవరూ తీసుకోకుండా మామూలుగా 5 నిమిషాలు లాక్ చేస్తుంది. పని అంతకు మించి సాగితే, ఇంజన్ రెండు సర్వర్లలో నడుస్తున్నప్పుడు రెండోది అదే జాబ్‌ను అందుకోవచ్చు. దాన్ని ఎక్స్‌టర్నల్ టాస్క్ చేయండి. విడి ప్రోగ్రాం వచ్చి పనిని అడిగి తీసుకుని, ఎంతసేపు లాక్ కావాలో తానే చెప్పి, అయ్యాక ముగిస్తుంది.

ముందుచూపుతో చూసినా అదే మేలు. క్యామండా 7 కమ్యూనిటీ ఎడిషన్ 2025 అక్టోబరు నాటి 7.24తో ఆగిపోయింది. క్యామండా 8లో ఇంజన్ లోపల నడిచే జావాడెలిగేట్‌కు చోటు లేదు, కోడ్ అంతా బయటి జాబ్ వర్కర్లలోనే. ఇప్పుడే విడదీసిన కోడ్‌ను అప్పుడు తరలించడం తేలిక. ఖాతా తెరిచే డెలిగేట్ నుంచి కూడా అసలు పనిని క్యామండా ఊసులేని మామూలు జావా క్లాసులోకి మార్చి, డెలిగేట్‌లో వేరియబుళ్ళు చదివి ఆ క్లాసును పిలిచే నాలుగు వరుసలే ఉంచండి.