గిఫ్ట్ షాపుకి జనం వస్తున్నారు, కొనట్లేదు. ఏం మార్చాలి?

ప్రశ్న: వైజాగ్ బీచ్ రోడ్డు దగ్గర చిన్న షాపు మాది. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు, కప్పులు, ఫొటో ఫ్రేములు అన్నీ ఉన్నాయి. వచ్చినవాళ్లు చూసి, ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. హోల్‌సేలర్ ఏమో ఎక్కువ తీసుకుంటే రేటు తగ్గిస్తానంటున్నాడు.

జవాబు 1: రేటు కోసం డజన్లు ఎత్తకండి అన్నా. ముందు బిల్లుబుక్కు తీసి ఏది కదులుతోందో చూడండి, కప్పులూ ఫ్రేములూ ఆన్‌లైన్లో ఎక్కడైనా దొరుకుతాయి, బీచ్‌కి వచ్చినవాడు అవి మీ దగ్గర ఎందుకు కొంటాడు? లక్క బొంగరాలు, గిలక్కాయలు పిల్లల చేతికందే ఎత్తులో పెట్టండి, మిగతా పని వాళ్లే చూసుకుంటారు.

జవాబు 2: ప్రతి వస్తువుకీ ధర చీటీ అంటించండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఏటికొప్పాక బొమ్మల పక్కనే అంకుడు కర్ర, లక్క పూత, 2017లో జీఐ (ఆ ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు అని చిన్న అట్ట రాసి పెట్టండి. కొండపల్లివి తెల్ల పొణికి కర్రతో చేతిపని, బొమ్మల కొలువుకి కావాలంటే దసరా ముందు వారం ఆర్డరిస్తే అందవు.

ప్రశ్న అడిగినవారు: మరి ఉన్న కప్పులు?

జవాబు 1: లక్కబొమ్మతో జత కట్టి కాంబో రేటుకి వదిలించుకోండి, మళ్లీ తేవద్దు.