జావా పల్లెలో భార్య పేరిట పొలం: భర్త విదేశీయుడైతే ఇబ్బందా?

నేను జకార్తాలో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది మధ్య జావాలో క్లాటెన్ దగ్గర పల్లె. పెళ్లికి ముందు ఎవరి ఆస్తి వారిదేనన్న ఒప్పందమేదీ రాసుకోలేదు. ఇప్పుడు మామగారు ఒక మడిచెక్క ఆమెకు దానంగా రాసిస్తామంటున్నారు.

చిక్కంతా ఇక్కడే. ఇండోనేషియా 1960 భూమి చట్టం ప్రకారం విదేశీయులకు పూర్తి యాజమాన్య హక్కు ఉండదు. పెళ్లి వల్ల ఉమ్మడి ఆస్తిగా సంక్రమించినా ఏడాదిలోగా వదులుకోవాలి. కానీ దానంగా, వారసత్వంగా వచ్చింది ఎవరిది వారిదేనని 1974 వివాహ చట్టం అంటోంది. పైగా పెళ్లయ్యాక కూడా ఒప్పందం రాసుకోవచ్చని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఊరి పెద్దలది మాత్రం ‘నోటరీ ఒప్పుకోడు’ అని ఒకటే పాట.

ఇంకో తలనొప్పి, పొలానికి సర్టిఫికెట్ లేదు. గ్రామ కార్యాలయంలోని ‘లెటర్ సి’ పుస్తకంలో ఆమె తాతగారి పేరు, నేల తరగతి, విస్తీర్ణం, పన్ను, అంతే. అది పాత పన్ను లెక్కే తప్ప హక్కుపత్రం కాదు. సాగు చేసేది పక్కింటాయన, పంట చెరిసగం. ఆయనను కదిలించే ఉద్దేశం మాకు లేదు.

ఇలాంటిది చేయించుకున్నవారు ఎవరైనా ఉన్నారా? ముందు మామగారి పేరిట సర్టిఫికెట్ తీయించాలా, నేరుగా ఆమె పేరిటే తీయవచ్చా? మా ఒప్పందం దానానికి ముందే నమోదు కావాలా? బావమరుదుల సంతకాలు అడుగుతారా? నోటరీకి ఎంత ఖర్చయిందో కూడా చెబితే మేలు.