కాంబి బాయిలర్: గోడ బయటి రాగి గొట్టం నుంచి ఆగకుండా నీటి చుక్కలు

ప్రశ్న
మేము ఇంగ్లండులోని లెస్టర్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాము. వంటగది గోడకు బిగించిన కాంబి బాయిలర్‌కు (ఇంటి హీటింగ్‌కూ, కుళాయి వేడినీళ్లకూ ఒకటే గ్యాస్ బాయిలర్) తొమ్మిదేళ్లు నిండాయి. రెండు వారాలుగా ప్రెషర్ ముల్లు తెల్లవారేసరికి సున్నాకు పడిపోయి హీటింగ్ ఆగిపోతోంది. కుళాయి నీటిని హీటింగ్‌లోకి ఎక్కించే ఫిల్లింగ్ లూప్ తిప్పి 1.5 బార్ (ఒత్తిడి కొలత) దాకా నింపితే, గదులను వేడిచేసే రేడియేటర్లు వేడెక్కేలోపే ముల్లు 3 దాకా ఎగబాకుతోంది. అప్పుడు పెరటివైపు గోడలోంచి బయటికి వచ్చి, తిరిగి గోడకేసి వంగి ఉన్న సన్నటి రాగి గొట్టం నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. బాయిలర్ చల్లారిన తరువాత కూడా చుక్కలు ఆగడం లేదు. రేడియేటర్ల దగ్గర ఎక్కడా తడి లేదు. మా దగ్గరికి వచ్చి ఉన్న మామగారు ఊళ్లో బోరు మోటార్లు బాగు చేసిన అనుభవంతో, ఆ గొట్టానికి మూత బిగిస్తే సరిపోతుందంటున్నారు. ఆ గొట్టానికి నీళ్లు వదిలే ప్రెషర్ వాల్వు ఒక్కటి మార్పిస్తే చాలునా?

జవాబు 1
మీ మామగారి అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ గొట్టాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మూయకండి. కుక్కరుకు సేఫ్టీ వాల్వు ఎటువంటిదో బాయిలర్‌కు ఆ గొట్టం వెనకున్న వాల్వు అటువంటిది. లోపలి ఒత్తిడి 3 బార్ చేరగానే తెరుచుకోవడమే దాని పని.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి అసలు తప్పు వాల్వుది కాదు, ఎక్స్‌పాన్షన్ వెసెల్‌ది అనిపిస్తోంది. వంద లీటర్ల నీరు 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 3 లీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగిన నీటికి చోటిచ్చేది ఈ వెసెలే: లోపల ఒక రబ్బరు పొర, దానికి ఒకవైపు నీరు, మరొకవైపు గాలి. ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగ్గిపోతే నీటికి సర్దుకునే చోటు ఉండదు, ముల్లు నేరుగా 3కు పోతుంది. దాని మీద కారు టైరుకు ఉండే వాల్వు లాంటిదే ఉంటుంది. మధ్యలోని పిన్ను నొక్కితే నీళ్లు వస్తే పొర చిరిగినట్టే, వెసెల్ మార్చవలసిందే. గాలి తక్కువగా ఉంటే, నీటివైపు ఒత్తిడిని పూర్తిగా సున్నాకు దించిన తరువాతే కొలిచి, తయారీదారు చెప్పిన మేరకు, సాధారణంగా 0.75 నుంచి 1 బార్ వరకు, నింపాలి. నీటి ఒత్తిడి ఉండగా కొలిస్తే వచ్చే అంకె నమ్మదగినది కాదు.

జవాబు 2
పై జవాబు నిజం. నేను వాల్వు మాత్రమే మార్పించి, మూడు వారాలకే మళ్లీ మొదటికి వచ్చాను. అయితే వాల్వును అలాగే వదిలేయమని కాదు. ఒకసారి తెరుచుకున్న వాల్వు సీటు మీద రేడియేటర్లలోని నల్లటి తుప్పు మడ్డి చేరితే అది మళ్లీ సరిగా మూసుకోదు. చల్లారాక కూడా మీకు చుక్కలు పడటానికి కారణం అదే అయి ఉంటుంది.

ఒక చిన్న పరీక్ష కూడా చేయండి. రాత్రి హీటింగ్ ఆపి, ఫిల్లింగ్ లూప్ కవాటాలు పూర్తిగా మూసి, గొట్టం కొసకు పల్చటి ప్లాస్టిక్ సంచిని వదులుగా కట్టండి. ముల్లు దిగి, సంచిలో నీళ్లు చేరితే నీరు పోయే దారి అదేనని రూఢి అవుతుంది. హీటింగ్ ఆపి ఉండగానే ముల్లు పైకి పోతూ ఉంటే మాత్రం కథ వేరు: లూప్ లీకవుతూ కుళాయి నీరు లోపలికి వస్తూ ఉండాలి, లేదా హీటింగ్ నీటి వేడిని కుళాయి నీటికి అందించే వేడినీళ్ల ప్లేటుకు చిల్లు పడి ఉండాలి.

జవాబు 3
రోజూ నింపుతూ కాలం గడపకండి. కొత్త నీటితోపాటు ఆక్సిజన్ లోపలికి వెళ్లి తుప్పు పెంచుతుంది, తుప్పు పట్టకుండా కలిపిన మందు కూడా పలచబడుతుంది. కొన్ని మోడళ్లలో ముందు తొడుగే దహన గదికి సీలు కాబట్టి దాన్ని మీరు విప్పకుండా, గ్యాస్ పని చేసేవారి అధికారిక నమోదు అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న మనిషినే పిలవండి. 2009 ఏప్రిల్ 1 నుంచి, అంతకుముందున్న కోర్గీ అనే నమోదు స్థానంలో ఉన్నది ఇదే. వారి గుర్తింపు కార్డు వెనక ఏయే పనులకు అర్హత ఉన్నదో రాసి ఉంటుంది, అడిగి చూడటానికి మొహమాటపడవద్దు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. సంచిలో తెల్లవారేసరికి గ్లాసెడు నీళ్లు చేరాయి. వచ్చిన ఇంజినీరు వెసెల్ పిన్ను నొక్కితే గాలీ రాలేదు, నీరూ రాలేదు. పొర బాగానే ఉన్నదని చెప్పి 0.9 బార్ గాలి నింపి, వాల్వు కూడా మార్చారు. ఇప్పుడు చల్లగా ఉన్నప్పుడు 1.2, వేడెక్కాక 1.7 చూపిస్తోంది. మామగారు రోజూ రెండు పూటలా వెళ్లి గొట్టం కొసను వేలితో తడిమి చూస్తున్నారు. నాలుగు రోజులుగా పొడిగానే ఉన్నది.