రొయ్యల గుంటల మీద పనికి వాచీ బెల్టు: రబ్బరు, తోలు, స్టీలు చైను – ఏది నిలుస్తుంది?

అల్లూరు_గట్టు:
అన్నలందరికీ నమస్తే. అల్లూరు, విడవలూరు వైపు వనామి రకం రొయ్యల గుంటల మీద టెక్నీషియన్ పని. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎండలోనే. చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) లేపినప్పుడల్లా మణికట్టు దాకా నీళ్లే. ఉప్పదనం కాలాన్ని బట్టి 8 నుంచి 25 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు పాళ్లు) మధ్య ఉంటది. గుంట తయారీ రోజుల్లో బ్లీచింగు, సున్నం చేతులకు అంటకుండా ఉండవు. వాచీ 10 బార్ వాటర్ రెసిస్టెంట్, చెవుల (బెల్టు తగిలించే కొమ్ముల) మధ్య 20 మి.మీ., నా మణికట్టు చుట్టుకొలత 17 సెం.మీ. దాంతోపాటు వచ్చిన తోలు బెల్టు లోపలి పొర ఊడొచ్చి వాసన కొడతా ఉంది. ట్రంకు రోడ్డులో అడిగితే ఒకరు సిలికాన్ అంటారు, ఇంకొకరు స్టీలు చైను అంటారు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఇదే వాచీ. ఏది తీసుకోమంటారు, ఎందుకు?

స్ప్రింగ్‌పిన్ను:
తమ్ముడూ, గుంట మీదికి తోలు వద్దే వద్దు. రబ్బరే తీసుకో. కాకపోతే కొట్లో "రబ్బరు" అని చూపించేదాంట్లో ఐదు రకాల సరుకు ఉంటది. అది తెలుసుకోకుండా కొంటే డబ్బు దండగ.

చవక డిజిటల్ వాచీలకు వచ్చేది ఎక్కువగా పీయూ (పాలీయురేథేన్ ప్లాస్టిక్), దాన్నే రెజిన్ అని కూడా అంటారు. అది తేమకు లోపల్లోపలే విరిగిపోయే పదార్థం. వాడకుండా బీరువాలో పెట్టినా కొన్నేళ్లకు బిరుసెక్కి, బకిల్ బెజ్జాల దగ్గరో చెవుల దగ్గరి వంపులోనో చిట్లుతుంది. మన కోస్తా తేమకు ఇంకా తొందరగా పోతుంది. డీట్ అనే దోమల మందు ఉన్న క్రీము తగిలితే పీయూ మెత్తబడి జిగురెక్కుతుంది కూడా. సాయంత్రం గుంట గట్టు మీద దోమల క్రీము లేకుండా నిలబడలేం కదా, అందుకని ముందే చెప్తున్నా.

సిలికాన్ మెత్తగా ఉంటది, ఎండకూ ఉప్పునీళ్లకూ చెడదు. దాని జబ్బల్లా చిరుగుడు. అంచున చిన్న గాటు పడితే చాలు, లాగినప్పుడల్లా అక్కడి నుంచే సాగిపోతుంది. ఎక్కువగా తెగేది స్ప్రింగ్ పిన్ను (బెల్టును వాచీ చెవులకు పట్టి ఉంచే సన్నటి కడ్డీ) దూరే గొట్టం దగ్గర. దుమ్ము, నూగు, మేత పొడి అన్నీ అంటుకుంటాయి. కొనేముందు బెల్టును గట్టిగా మెలితిప్పి చూడు. వంపు దగ్గర తెల్లగా తేలితే అందులో కల్తీ పొడి ఎక్కువ ఉన్నట్టు.

సహజ రబ్బరు, ఎన్‌బీఆర్ (నైట్రైల్ రబ్బరు) – ఈ రెండూ ఎండకూ గాలిలోని ఓజోన్‌కూ సన్నగా పగుళ్లు వేస్తాయి. పగలంతా ఎండలో ఉండేవాళ్లకు పనికిరావు.

నీకు కావాల్సింది ఎఫ్‌కేఎం. ఫ్లోరిన్ కలిసిన రబ్బరు, ఇంజన్ల ఆయిల్ సీళ్లకు వాడే జాతి. ఎండ, చెమట, డీజిలు, ఉప్పు – దేనికీ అంత తేలిగ్గా లొంగదు. దుమ్ము పట్టదు. ధర ఎక్కువే, అయినా నీ పనికి అదే లాభం.

ఇంకొక్కటి. నీళ్లలో వాచీ పోయిందంటే చాలాసార్లు తప్పు బెల్టుది కాదు, పిన్నుది. కొత్త బెల్టు వేసేటప్పుడు పాత పిన్నులే మళ్లీ ఎక్కించొద్దు. ఉప్పునీళ్లలో తిరిగిన పిన్ను లోపలి స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, పైకి మాత్రం మెరుస్తూనే ఉంటది.

ఒంగోలు_వాచ్‌ప్రియ:
రబ్బరును నేనూ కాదనను. స్టీలును మాత్రం అంత తేలిగ్గా పక్కన పెట్టేయొద్దు. కొత్తపట్నం సముద్రపు గాలిలో రోజూ తిరిగేవాళ్ల చేతులకు స్టీలు చైన్లు ఏళ్ల తరబడి ఉంటున్నాయి. సంగతి ఏ స్టీలు అన్న దగ్గరే ఉంది.

మంచి వాచీలకు వాడేది 316ఎల్ రకం స్టీలు. అందులో 16–18 శాతం క్రోమియం, 10–14 శాతం నికెల్, 2–3 శాతం మాలిబ్డినం ఉంటాయి. ఉప్పును తట్టుకునే బలం ఇచ్చేది ఆ మాలిబ్డినమే. చవక చైన్లలో వాడే 304 రకంలో అది ఉండదు, అందుకే ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా మచ్చలు పడతాయి. కొందరు కొట్లో అయస్కాంతం పెట్టి "అంటలేదు చూడండి, అసలు సరుకు" అని చూపిస్తారు. 304 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆ పరీక్షతో 316ఎల్ అని తేలదు.

చైను చేతిలోకి తీసుకుని లింకులను పక్క నుంచి చూడండి. రేకు మడిచి చేసినవైతే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. అవి కొన్నాళ్లకు సాగి, అడ్డంగా పట్టుకుంటే చైను వేలాడిపోతుంది. గట్టి లింకులదే తీసుకోండి. వాచీని తాకే చివరి ముక్క కూడా గట్టిదై ఉండాలి. అది బోలుగా ఉంటే కదిలి చెవుల లోపలి వైపు అరగదీస్తుంది.

చెమట విషయంలో చైనుకు సాటి లేదు. లింకుల మధ్య గాలి ఆడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రబ్బరు కింద నీళ్లు నిలుస్తాయి, చైను కింద నిలవవు.

స్ప్రింగ్‌పిన్ను:
వాచ్‌ప్రియ గారు చెప్పింది సముద్రపు గాలి దాకా నిజం. గుంటల పని వేరు. 316ఎల్ మీద కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది, తుప్పును ఆపేది అదే. ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. లింకు పిన్ను దూరే బెజ్జంలో, చివరి ముక్కకీ చెవికీ మధ్య సందులో ఉప్పునీళ్లు చేరి అక్కడే ఆరిపోతే ఆక్సిజన్ అందదు, క్లోరైడ్ చిక్కబడుతుంది, పొర తెగి స్టీలు మీద చిన్న చిన్న గుంతలు పడతాయి. పైన అద్దంలా ఉన్న చైనులో లోపలి పిన్ను సగం తినేసి ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి విడిపోతుంది.

బ్లీచింగు దీనికి పదింతల శత్రువు. క్లోరిన్ నీళ్లు స్టీలును నేరుగా కొడతాయి. గుంట తయారీ రోజుల్లో చైను ఇంట్లో పెట్టి రావడమే మేలు. మిగతా రోజుల్లో చైనే కావాలంటే రోజూ సాయంత్రం మంచినీళ్లతో కడగాలి, ఇక్కడ బద్ధకం పనికిరాదు. ముందు కిరీటం (టైము తిప్పే గుబ్బ) లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకో, మరతో బిగించేదైతే బిగించు. వాచీ నుంచి చైను విప్పగలిగితే విప్పి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పది నిమిషాలు నానబెట్టు. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో లింకుల మధ్య, లాకు లోపల రుద్ది, మంచినీళ్లలో జాడించి, గుడ్డతో తుడిచి గాలికి ఆరబెట్టు. బోరు నీళ్లే ఉప్పగా ఉంటే చివరి జాడింపు తాగే నీళ్లతో చెయ్యి.

బెల్టు ఏదైనా సరే, ఏరియేటర్ (గుంట నీళ్లకు గాలి అందించే యంత్రం) కరెంటు ప్యానెల్ తెరిచినప్పుడు, జనరేటర్ బ్యాటరీ స్పానర్‌తో విప్పేటప్పుడు వాచీ తీసి జేబులో వేసుకో. బ్యాటరీ టెర్మినల్‌కీ జనరేటర్ బాడీకీ మధ్య చైను తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది. తిరిగే మోటారు బెల్టుల దగ్గరా అంతే, గట్టి చైను తెగదు, చేతినే లోపలికి లాగుతుంది.

చీమకుర్తి_గ్రానైట్:
మా వైపు సంగతి కూడా కలుపుతా, క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పని చేసేవాళ్లకు పనికొస్తుంది. గెలాక్సీ రాయి (మా చీమకుర్తి నల్ల గ్రానైట్) పొడిలో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం స్టీలు కన్నా గట్టిది. ఆ పొడి లింకుల మధ్య చేరితే చేయి ఊపినప్పుడల్లా పిన్నులను అరగదీస్తుంది, చైను వదులైపోతుంది. మెరుపు పాలిష్ ఉన్న లింకులైతే వారానికే గీతలు. చైనే కావాలంటే బ్రష్ గీతల ఫినిష్ ఉన్నది తీసుకోండి, కొత్త గీతలు అందులో కలిసిపోతాయి. పొడి పట్టిన చైనును ఎప్పుడూ గుడ్డతో తుడవొద్దు. ముందు ధారగా నీళ్లు పోసి పొడి పోగొట్టాలి. పొడి మీద గుడ్డ తిప్పితే పాలిష్ కాగితం తిప్పినట్టే.

దుమ్ములోకి అన్నిటికన్నా చవకైన దారి నైలాన్ పట్టీ. ఒకే పట్టీ రెండు పిన్నుల కిందుగా వెళ్తుంది, ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. గుంట నీళ్లకు మాత్రం బాగోదు, తడిస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది, వాసన వస్తుంది.

అల్లూరు_గట్టు:
చాలా విషయాలు తెలిశాయి, థాంక్స్ అన్నా. ఇంకో రెండు అడగాలి. సిలికాన్‌ని ఎఫ్‌కేఎం అని అంటగడితే ఎట్లా కనిపెట్టేది? పిన్నులు నేనే మార్చుకోవచ్చా? చెయ్యి మధ్యాహ్నానికి ఉబ్బుతుంది, ఏ సైజు పెట్టుకోవాలో అర్థం కావట్లేదు.

స్ప్రింగ్‌పిన్ను:
బరువు చూడు. సిలికాన్ సాంద్రత నీళ్లకు కొంచెం ఎక్కువ, 1.1 నుంచి 1.2 మధ్య. ఎఫ్‌కేఎం 1.8కి అటూ ఇటూ. ఒకే సైజు, ఒకే మందం బెల్టులు రెండు చేతుల్లో పట్టుకుంటే ఎఫ్‌కేఎం ఒకటిన్నర రెట్లు బరువుగా తెలుస్తుంది. మెత్తని బట్ట మీద రుద్దు. సిలికాన్‌కు నూగు పట్టేస్తుంది, ఎఫ్‌కేఎం శుభ్రంగానే ఉంటుంది.

పిన్నులు నువ్వే మార్చుకోవచ్చు. చెవుల మధ్య దూరాన్ని స్కేలుతో కాదు, వెర్నియర్‌తో (సందుల్ని కచ్చితంగా కొలిచే పనిముట్టు) కొలువు, స్కేలుతో 19కీ 20కీ పొరపాటు పడొచ్చు. 20 వచ్చింది కాబట్టి 20 మి.మీ. పిన్ను. మామూలు లావు 1.5 మి.మీ. చెవి బెజ్జానికి, బెల్టు గొట్టానికి పడితే 1.8 మి.మీ. వేసుకో, వంగదు. కొన్ని సీకో డైవర్ వాచీలకు 2.5 మి.మీ. లావు పిన్నులు వస్తాయి, వాటికి సన్నవి వేస్తే లోపల ఆడుతూ ఉంటాయి. పాత హెచ్‌ఎంటీలు చాలావాటికి 18 మి.మీ. సరిపోతుంది, నీది మాత్రం కొలిచే కొను.

వాచీని బోర్లా మెత్తటి గుడ్డ మీద పెట్టు. చెవుల లోపలి వైపు టేపు అంటించు, గీతలు పడవు. చీలిక మొన ఉన్న పనిముట్టుతో పిన్ను మెడను లోపలికి నొక్కి పక్కకు లాగితే వచ్చేస్తుంది. పిన్ను ఎగిరిపోతుంది, పైన వేలు అడ్డం పెట్టు. కొత్తదాన్ని ఒక వైపు బెజ్జంలో కూర్చోబెట్టి, రెండో వైపు నొక్కి జార్చు. టిక్కుమన్నాక ఊరుకోవద్దు. పిన్నును కొంచెం ఎడమకీ కుడికీ జరిపి చూడు, తర్వాత బెల్టును వాచీకి అడ్డంగా గట్టిగా లాగు. సగం కూర్చున్న పిన్ను అప్పుడే ఊడొస్తుంది, గుంటలో ఊడేకన్నా ఇంట్లో ఊడితే నయం.

17 సెం.మీ. మణికట్టుకు బెల్టు పొడవు 75/115 లేదా 75/120 మి.మీ. సరిపోతాయి (మొదటి అంకె బకిల్ ఉన్న పొట్టి ముక్కది, రెండోది బెజ్జాలున్న పొడుగు ముక్కది). బకిల్ వైపు 18 మి.మీ.కి సన్నబడేది తీసుకుంటే చేతికి బాగా పడుతుంది. బెజ్జం తేల్చుకోవడం మధ్యాహ్నం పూట చెయ్యి. పొద్దున బిగించి చూస్తే మధ్యాహ్నానికి చేతి మీద అచ్చు పడుతుంది. చిటికెన వేలు కొస కింద దూరేంత వదులు ఉండాలి.

ఒంగోలు_వాచ్‌ప్రియ:
చైను తీసుకునేవాళ్లు కూడా సైజు ఇలాగే మధ్యాహ్నమే చూసుకోండి. లింకు తీసేటప్పుడు లోపలి వైపు బాణం గుర్తు ఉంటుంది, పిన్నును ఆ దిక్కుకే తొయ్యాలి. తిరిగి ఎక్కించేది బాణానికి ఎదురుగా. చీలిక ఉన్న కొస చివర లోపలికి పోవాలి. తీసే లింకులు రెండు వైపులా సమానంగా తీస్తే లాకు మణికట్టు మధ్యకు వస్తుంది, బేసి సంఖ్యైతే 6 అంకె వైపు ఒకటి ఎక్కువ తీయండి. కొన్ని చైన్లలో పిన్నుతో పాటు బియ్యపు గింజ కన్నా చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. అది పడిపోయిందని తెలియక పిన్ను మాత్రమే కొట్టేస్తే కొద్ది రోజులకు పిన్ను జారి చైను తెగుతుంది. కింద తెల్లటి పళ్లెం పెట్టుకుని చెయ్యండి. మరలు ఉన్న చైనైతే మరకు తక్కువ పట్టుండే త్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు.

కావలి_తోలు:
పెళ్లిళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి తోలే బాగుంటుంది, కాకపోతే త్వరగా మార్చుకునే పిన్నులు ఉన్న బెల్టు తీసుకోండి. చిన్న మీట జరిపితే పనిముట్టు లేకుండా నిమిషంలో మారుతుంది. ఎఫ్‌కేఎం గుంటకు, తోలు ఫంక్షన్లకు.

మన నెల్లూరు జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఏప్రిల్ నుంచి చెమట. తోలుకు అనువైన రోజులు జనవరి, ఫిబ్రవరి. మిగతా రోజుల్లో ఫంక్షన్ అయిపోగానే తీసేసి, లోపలి వైపు పొడిగుడ్డతో అద్ది, నీడలో కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. ఎండలో పెట్టినా హెయిర్ డ్రయ్యర్ పెట్టినా తోలు ముడుచుకుని గట్టిపడుతుంది. లోపల దూది నింపి ఉబ్బెత్తుగా చేసిన బెల్టులు వద్దు, చెమట లోపలే నిలుస్తుంది. "జెన్యూన్ లెదర్" ముద్ర ఉందని మంచిదనుకోవద్దు. కింది పొర తోలు మీద పీయూ పూత వేసినదానికీ అదే ముద్ర వేస్తారు, మీకు లోపలి పొర ఊడొచ్చింది అట్లాంటిదే అయ్యుండొచ్చు. కొనేటప్పుడు బెల్టును వెనక్కి వంచండి. మంచి తోలైతే సన్నటి ముడతలు పడి మళ్లీ సర్దుకుంటాయి, పూతైతే కాగితం మడతలా గీత నిలుస్తుంది. మామూలు బకిల్ కన్నా మడిచే లాకు వేయించుకుంటే రోజూ అదే బెజ్జం దగ్గర తోలు వంగదు, ఆయుష్షు పెరుగుతుంది.

చర్మం ఎర్రబడితే వెంటనే అలర్జీ అనుకోవద్దు. రబ్బరు కింద తడి, సబ్బు నురగ నిలిచినా అలాగే అవుతుంది, కడిగి ఆరబెడితే తగ్గుతుంది. బకిల్ తగిలే చోట మాత్రమే గుండ్రంగా దద్దుర్లు వస్తే నికెల్ పూతను అనుమానించాలి. అప్పుడు బెల్టు మార్చక్కర్లేదు, టైటానియం బకిల్ వేస్తే చాలు.

అల్లూరు_గట్టు:
అయితే నల్ల ఎఫ్‌కేఎం 20/18, త్వరగా మారే పిన్నులది. పెళ్లిళ్లకు గోధుమ రంగు తోలు, అదీ అట్లాంటి పిన్నులదే. విడిగా 1.8 పిన్నులు అక్కర్లేదు కదా అన్నా?

స్ప్రింగ్‌పిన్ను:
త్వరగా మారే పిన్నులు బెల్టులోనే వస్తాయి, చాలావరకు 1.5 లావే. ఫంక్షన్ బెల్టుకు అదే వదిలెయ్. గుంట మీది బెల్టుకు మాత్రం, బెజ్జానికీ గొట్టానికీ పడితే, ఆ పిన్ను తీసేసి మామూలు 1.8 వెయ్. మీట కోసం బెల్టు అడుగున చిన్న కోత ఉంటుంది, మేత పొడి అక్కడే చేరేది, కడిగేటప్పుడు ఆ కోతలో బ్రష్ తిప్పు. పిన్నులు ఏటా రొయ్యలు పట్టాక గుంట ఎండబెట్టే సమయంలో మార్చెయ్, చెడినా చెడకపోయినా.