ప్రొఫైల్ ఫోటోకు స్టూడియో కోటు వేసుకోవచ్చా?

గుంటూరు కుర్రాడు: బీకామ్ అయింది, ఉద్యోగాలకు అప్లై చేస్తున్నా. లింక్డిన్ ఫోటో కోసం స్టూడియోకు వెళ్తే మేకుకు వేలాడుతున్న కోటు, టై చేతికిచ్చారు. వచ్చినవాళ్లందరికీ అదే కోటు! నాకు వదులైతే వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించారు. ముందునుంచి చూస్తే బ్యాంకు మేనేజర్‌లా ఉన్నా. నాది కాని కోటుతో ఫోటో పెట్టడం మోసం కాదా?

పాత నెగెటివ్: తమ్ముడూ, స్టూడియో నడిపినవాడిగా చెప్తున్నా, ఈ అరువు ఇవాళ్టిది కాదు. 1854లో పారిస్‌లో డిస్డెరీ అనే ఫోటోగ్రాఫర్ ఒకే ప్లేటు మీద చిన్న చిన్న ఫోటోలు బోలెడు తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఫోటో చవకైంది, మామూలు జనం కూడా స్టూడియో మెట్లెక్కారు. వెనక తెర, పక్కన స్తంభం, బల్లమీద పుస్తకం అన్నీ స్టూడియోవాళ్లవే. మోసమంటే వాటినీ అనాలి.

హెచ్ఆర్ అక్క: కోటు చూసి నేనెవర్నీ ఇంటర్వ్యూకి పిలవలేదు. నాకు చిరాకల్లా కంప్యూటర్లో అతికించిన కోటంటేనే. కాలర్ ఒకవైపు, మెడ ఇంకోవైపు! ఇప్పుడు ఏఐ ఫోటోలొకటి. ఫోటోలో మనిషి, ఎదురుగా కూర్చున్న మనిషి ఒకరేనా అని ఆధార్ అడగాల్సి వస్తోంది. నీ ముఖం నీదే కదా, టెన్షన్ ఎందుకు?

సమత: కోటును మరీ తేలిగ్గా తీసేయకండి. అంబేడ్కర్ విగ్రహం ఊరూరా సూటులోనే ఎందుకుంది? కొందరు మంచి బట్ట కట్టడమే తప్పన్న సమాజానికి అది జవాబు. ఆ కుర్రాడు వేసుకుంటే తప్పేంటి?

గుంటూరు కుర్రాడు: ఆయన కోటు ఆయనదే కదండీ. కొలంబియాలో చదివి, బారిస్టరై వేసుకున్నారు. నాకింకా ఉద్యోగమే రాలేదు.

సమత: వచ్చాకే వేసుకోవాలన్న రూలెవరు పెట్టారు? ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు.

బెర్లిన్ బాబాయ్: అమెరికా, బ్రిటన్‌లలో రెజ్యూమెకు ఫోటో పెట్టరు, వివక్షకు దారిస్తుందని. ఇక్కడ జర్మనీలో 2006లో వివక్ష వ్యతిరేక చట్టం వచ్చింది. అయినా స్టూడియోలో తీయించుకుని పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలవాటు అంత తొందరగా పోదు మరి.

గుంటూరు కుర్రాడు: సరే, ఇస్త్రీ చేసిన నా తెల్ల చొక్కాలో ఇంకోటి తీయమంటా. మళ్లీ డబ్బులడుగుతారా?

పాత నెగెటివ్: ప్రింట్లు వద్దు, ఫైల్ చాలని ముందే చెప్పు. కానీ తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా తేలిపోతుంది, నీలంది వేసుకెళ్లు.