‘క్లిప్‌లెస్ పెడల్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. సైకిలు విడిభాగం ఒకదాని వాడుక సూచనలను తెలుగులోకి తెస్తూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ భాగం ఒక చిన్న ప్లాస్టిక్ పలక. ప్రత్యేకమైన బూట్లతో తొక్కడానికి చేసిన క్లిప్‌లెస్ పెడల్ మీద దానిని అమర్చుకుంటే, మామూలు బూట్లతోనూ చెప్పులతోనూ తొక్కవచ్చు. నేను రాసుకున్న వాక్యం ఇది: ‘క్లిప్పు లేని పెడల్‌కు ఈ పలకను క్లిప్ చేయండి.’ అది చదివి మా తమ్ముడు, క్లిప్పే లేనప్పుడు దేనికి క్లిప్ చేయాలని అడిగాడు. ఈ ‘లెస్’ను తెలుగులో ఎలా పలికించాలి? బూటు అడుగున బిగించే ‘క్లీట్’ అనే ముక్కకు మనకు మాట ఉందా?

సమాధానం:

మీ తమ్ముడి సందేహం న్యాయమైనదేనండి. తప్పు మీ అనువాదంలో కన్నా ఆ ఆంగ్ల నామంలోనే ఎక్కువ ఉంది. ఒకప్పుడు పందెపు సైకిళ్ళ పెడల్‌కు ముందువైపు పాదం వేళ్ళను పట్టి ఉంచే లోహపు చట్రం ఒకటి, దానిని బిగించే తోలు పట్టీ ఒకటి ఉండేవి. ఆ చట్రం పేరే ‘టో క్లిప్’. 1984లో ఫ్రాన్సుకు చెందిన లుక్ సంస్థ, మంచు మీద జారే స్కీ పలకలకు బూట్లను పట్టించడంలో తనకున్న అనుభవంతో, చట్రమూ పట్టీ లేకుండానే బూటును అడుగు నుంచి పట్టుకునే పెడల్‌ను తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచి సైకిలు పందెగాడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ పందెం గెలవడంతో అవి స్థిరపడ్డాయి. పాత చట్రం లేదు కనుక ‘క్లిప్‌లెస్’ అన్నారు. అంటే ఆ పేరు ఇప్పుడున్న వస్తువును వర్ణించదు, పోయిన వస్తువును తలుచుకుంటుంది.

లేమిని బట్టి పేరు పెట్టడం మనకు కొత్త కాదు. ఉంగరపు వేలిని ‘అనామిక’ అంటాము, అంటే పేరు లేనిదని. అయితే అలాంటి పేరు పలకాలంటే, లేనిది ఏమిటో వినేవాడికి ముందే తెలిసి ఉండాలి. టో క్లిప్‌ను ఎన్నడూ చూడని తెలుగు పాఠకుడికి క్లిప్పు అంటే జుట్టుకు పెట్టేది, ఆరేసిన బట్టలు ఎగిరిపోకుండా పెట్టేది. అతని చెవికి ‘క్లిప్పు లేని పెడల్’ అంటే ఏమీ పట్టుకోని పెడల్, అంటే మామూలు పెడలే! మీ సూచనలు ఎవరిని ఉద్దేశించినవో ఆ మామూలు బూట్ల మనిషే ఇక్కడ మొదట మోసపోతాడు.

ఇతర భాషలవారు ఈ చిక్కును తేలికగానే దాటారు. ఫ్రెంచివారు దానిని ‘పెదాల్ ఒతోమాతిక్’ అంటారు, అంటే తనంత తానే పట్టేది. జర్మనులు ‘క్లిక్‌పెడాల్’ అని అది చేసే చప్పుడును బట్టి పిలుస్తారు. ఇద్దరూ పోయిన దానిని వదిలి పనిని పట్టుకున్నారు. ఆ దారిలో నేను ప్రతిపాదించేది ‘కొక్కెపు పెడల్’. ‘పెడల్’ను మార్చనక్కరలేదు. లాటిన్‌లో పాదాన్ని తెలిపే మాట నుంచి వచ్చిన ఆ పదం మన ‘పాదం’కు దూరపు చుట్టమే.

క్లీట్ విషయంలో మాత్రం మన దగ్గర తయారుగా ఉన్న మాటను వదిలి వెతుకుతున్నామని నా అభిప్రాయం. ఎద్దు గిట్టకు, గుర్రపు డెక్కకు కొట్టేది లాడం. బూటు మడమ కింద కొట్టే ఇనుప ముక్కనూ లాడమనే అంటారు. అడుగున ఉండేది, బిగించేది, అరిగితే మార్చేది, నడిస్తే టకటకమనేది అనే నాలుగు లక్షణాలూ మూడు మరలతో బిగించే రోడ్డు సైకిలు క్లీట్‌కు సరిగ్గా సరిపోతాయి. సైకిలు భాగాలు చేసే జపాను సంస్థ షిమానో 1990లో తెచ్చిన ఎస్‌పీడీ అనే పెడల్ పద్ధతిలో రెండు మరల లాడం బూటు అడుగులోని గుంటలో ఒదిగి ఉంటుంది కనుక ఆ చప్పుడు చాలావరకు తగ్గుతుంది.

మరొక సభ్యురాలు:

‘లాడం’ నాకు నచ్చింది కానీ ‘కొక్కెపు’ దగ్గర రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ‘ము’ స్థానంలో ‘పు’ వచ్చే సంధిని కర్మధారయానికి చెప్పారు. ఇక్కడ కొక్కెమే పెడల్ కాదు, కొక్కెం కలిగిన పెడల్. రెండవది, కొక్కేనికి ఏదైనా వేలాడుతుంది కానీ కొక్కెం దానిని బంధించదు. స్ప్రింగుతో మూసుకుని, తెరిచేదాకా వదలని దానికి ‘గొళ్ళెం’ తగినది కాదా?

సమాధానం:

మొదటిదానికి ‘గుర్రపు బండి’ సమాధానం చెబుతుంది. గుర్రమే బండి కాకపోయినా ఆ మాట అందరి నోటా నిలిచింది. రెండవది ఆలోచించవలసిన అభ్యంతరం. గొళ్ళేన్ని చేత్తో వేసి, చేత్తో తీయాలి. ఈ పెడల్‌లో చేతికి పని లేదు. లాడం ముందు అంచును లోపలికి దూర్చి వెనుక భాగాన్ని నొక్కితే పట్టుకుంటుంది, మడమను బయటి వైపుకు తిప్పితే వదులుతుంది. కాలు ఇరుక్కుపోతుందేమోనని కొత్తవారు ఎలాగూ భయపడతారు. ‘గొళ్ళెం’ అంటే ఆ భయానికి తలుపు కూడా వేసినట్టవుతుంది.

నామవాచకాల కన్నా క్రియల దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరమని నాకనిపిస్తుంది. ఆంగ్లంలో ఒక్క ‘క్లిప్’ చేసే పనిని మనం పంచాలి. మరతో చేసేది ‘బిగించడం’, దానికి ఎదురు ‘విప్పడం’. కొక్కేనికి చేసేది ‘తగిలించడం’, దానికి ఎదురు ‘తప్పించడం’. ‘పలకను బిగించండి’ అని రాస్తే పాఠకుడు పానా వెతుక్కుంటాడు. పానాతో నిజంగా పని పడేది పెడల్‌నే విప్పి మామూలు పెడల్ వేసుకునేవారికి. ఎడమ పెడల్‌కు మర తిరగబడి ఉంటుంది కనుక, బయటి నుంచి చూస్తూ గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే అది వదులవుతుందని వారికి విడిగా చెప్పాలి. బూట్లను తరచుగా మార్చేవారికి, ఒకవైపు కొక్కెం, మరోవైపు చదును ఉండే పెడళ్ళూ దొరుకుతాయి. వాటిని ‘రెండు వైపుల పెడల్’ అనకండి. రెండు వైపులా కొక్కేలే ఉన్నవీ ఉన్నాయి కనుక ‘జోడు పనుల పెడల్’ అనడం మేలు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. తిరగరాసిన భాగాన్ని ఇక్కడ ఉంచుతున్నాను, పరిశీలించగలరు.

‘ఈ పలక రెండు మరల లాడాన్ని పట్టే కొక్కెపు పెడళ్ళకు మాత్రమే సరిపోతుంది; మూడు మరల లాడానికి చేసిన పెడల్‌కు తగలదు. ముందుగా పెడల్ మీది చిన్న మరను తిప్పి స్ప్రింగును వదులు చేయండి. పలక అడుగున ఉన్న లాడం ముందు అంచును కొక్కెంలోకి దూర్చి, వెనుక భాగాన్ని గట్టిగా నొక్కి తగిలించండి. ఆ తరువాత స్ప్రింగును బిగువు చేయండి. లేకపోతే తొక్కేటప్పుడు పాదం పక్కకు తిరిగినప్పుడు పలక తప్పుకోవచ్చు. పలక మందం మేరకు పాదం పైకి లేస్తుంది కనుక, అవసరమైతే సీటును కొద్దిగా ఎత్తుకోండి. పలక ఉన్న వైపు బరువుకు కిందికి వాలి ఉంటుంది. బయలుదేరేటప్పుడు బూటు ముందు భాగంతో పెడల్‌ను తిప్పి పలక మీదనే పాదం పెట్టండి. పలకను తీయాలంటే స్ప్రింగును మళ్ళీ వదులు చేసి, పలకను చేత్తో పట్టుకుని పక్కకు తిప్పి తప్పించండి.’

మా తమ్ముడు దీనిని చదివి, ఈసారి పలకను గురించే అడిగాడు: తడిసినప్పుడు జారుతుందా అని. అది నేను సూచనల్లో చేర్చవలసిన వాక్యమే.